గంటకూలీకి పట్టిన గొడుగు

"తిప్పింది నేనేనండి. కాదనను. తిప్పమన్నది మాత్రం నేను కాదు."

ఈ రెండు ముక్కలు జనరేటర్ ఆపరేటర్ నోటి నుంచి రాబట్టడానికి ఇన్‌స్పెక్టర్‌కు పొద్దున్నంతా పట్టింది. నిన్న లాకప్పులో పెట్టినప్పటి నుంచి ఎవరేమడిగినా "తప్పయిపోయింది" అనడం తప్ప అతను నోరు విప్పలేదు. ఇన్‌స్పెక్టర్ కుర్చీ వద్దని కడ్డీలకు ఇవతల నేల మీదే కూర్చుంది. డిపార్టుమెంటులో ఆమెను చాటున సూది అంటారు. గుచ్చుతుందని కొందరు, దూరకూడని చోటల్లా దూరుతుందని కొందరు. ఎదురుపడితే మాత్రం మేడమ్.

"ఎవరు తిప్పమన్నారు?"

"డైరెక్టర్ అయ్యగారు. పొగ కళ్లలో పడుతోంది, గొట్టం అటు గోడకేసి తిప్పెయ్ అన్నారు."

"ఎవరి కళ్లలో?"

అతను తల వంచుకుని బయటికి చెవి పెట్టాడు. స్టేషన్ వరండాలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. అతని భార్య ఆ బెంచీ మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది, నిన్నటి నుంచి ఇంటికి పోలేదు. బిడ్డకు నాలుగో నెల. ఆ ఏడుపు ఆకలిది కాదు, నిద్రది. తల్లి కంగారులో మరీ వేగంగా ఊపుతోంది, అందుకే బిడ్డకు కన్ను మూతపడటం లేదు.

"వాళ్లు పెద్దవాళ్లండి. నా మాట ఎక్కడ నిలబడుతుంది?" అన్నాడు ఆపరేటర్. "మీరు రాసుకోకండి. మీకు తెలియాలని చెప్పాను, అంతే."

"రాసుకోను, బయటికి పొక్కనివ్వను. ఇంకెవరికైనా చెప్పావా? నీ భార్యకి?"

"లేదండి. దానికి చెబితే వాళ్ల గేటు ముందు కూర్చుని శోకాలు పెడుతుంది."

కేసు చూడబోతే చిన్నది. మొన్న మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయి నాలుగున్నరకు వచ్చింది. అంతసేపూ సంస్థ ఆవరణలో జనరేటర్ నడిచింది. ఎప్పుడూ షెడ్డు కప్పు దాటి పైకి పోయే పొగ ఆ రోజు పక్కనే గోడ కలిసి ఉన్న పిల్లల సంరక్షణ కేంద్రంలోకి పోయింది. ఆయా చనిపోయింది. ఆమె దగ్గర నిద్రపోతున్న రెండేళ్ల పాప ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉంది.

సంస్థ అంటే ఏదో కంపెనీ కాదు. చాలా దేశాలు కలిసి పసిపిల్లల ఆరోగ్యం కోసం పెట్టుకున్నది. ఆ మాట గేటు మీద నాలుగు భాషల్లో రాసి ఉంటుంది. డైరెక్టర్ ప్రభుత్వంలో పెద్ద పెద్ద హోదాలు చూసి, డెప్యుటేషన్ మీద అక్కడికి వెళ్లిన మనిషి. ఇవాళ సాయంత్రం విమానంలో బదిలీ మీద వేరే దేశానికి వెళ్లిపోతున్నాడు. ఆయన విమానం ఎక్కితే ఈ చావుకు మిగిలే మనిషి ఒక్కడే, ఈ కడ్డీల వెనక ఉన్నవాడు. బయటికొచ్చేసరికి వరండాలో ఏడుస్తున్న బిడ్డ బడికి పోతూ ఉంటుంది.

ఇన్‌స్పెక్టర్ లేచి చీర కాదు గదా దులుపుకోవడానికి, ఖాకీ ప్యాంటు మోకాళ్లు దులుపుకుంది. "బాబాయ్, బండి తీయండి" అంది.

బాబాయ్ అంటే హెడ్ కానిస్టేబుల్. రిటైర్‌మెంటుకు ఆరు నెలల దూరంలో ఉన్నాడు. కేసుల్లోకి ఆమెను దింపేదీ ఆయనే, లోతెక్కువైతే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేదీ ఆయనే.

సంరక్షణ కేంద్రం ఒకటే గది. దాన్ని నడిపే పెద్దావిడను పిల్లలంతా టీచరమ్మ అంటారు. ఆవిడ తాళం తీసి గుమ్మం బయటే ఆగిపోయింది.

"నేను లోపలికి రాలేనమ్మా. అడిగేదేదో అడుగు, ఇక్కణ్ణుంచే చెబుతాను."

"కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయా?"

"మధ్యాహ్నం నిద్రప్పుడు మూస్తాం. వెలుతురుంటే ఒక్కరూ పడుకోరు. గాలికి పైన వెంటిలేటర్ ఉంది కదా అని..."

"మిగతా పిల్లలు?"

"అన్నాలు తినగానే తల్లులొచ్చి తీసుకెళ్లారు. ఈ పాప వాళ్లమ్మకి ఆరింటి దాకా డ్యూటీ. నేను పని మీద బజారుకెళ్లాను. ఆయా ఉంది కదా, నాకేం దిగులు అనుకున్నాను."

గోడ వారన చిన్న చిన్న చాపలు వరుసగా ఉన్నాయి. ఒక్క చాప చోటు ఖాళీగా ఉంది. అక్కణ్ణుంచి తలుపు దాకా నేల మీద దుమ్ములో వెడల్పాటి చార. చార చివర ఆ చాప, దాని మీద మూత ఊడిన పాలసీసా. తలుపు గడియ పెద్దవాళ్లకు మాత్రమే అందేంత ఎత్తున ఉంది. పిల్లలు తీసుకుని రోడ్డు మీదికి పోకుండా అలా పెట్టించారు. గడియ సగం లాగి ఉంది.

"పాప ఎలా పడుకుని ఉంది టీచరమ్మా?"

"బోర్లా. మూతి తలుపు కింది సందుకి ఆనించి ఉంది. అందుకే ప్రాణం నిలిచిందన్నారు డాక్టర్లు."

బాబాయ్ చార వంక చూసి, గడియ వంక చూశాడు. "తల తిరుగుతుంటే ఆయా ముందు చాపని ఈడ్చింది. ఆ తర్వాత గడియ కోసం లేచింది."

ఇన్‌స్పెక్టర్ చార తొక్కకుండా దాని పక్కన కూర్చుంది. ముందు గడియ తీసుకుని ఉంటే ఆయా బతికేది. బిడ్డ సంగతి తర్వాత చూసుకుందామని ఒక్కసారి అనుకుని ఉంటే చాలు. కన్నతల్లి కూడా కాదు.

వెంటిలేటర్ కింద స్టూలు వేసుకుని ఆమే ఎక్కింది. టార్చి వెలుగులో ఇనుప జాలీ, జాలీకి అవతలి వైపు నుంచి ఆనించి పెట్టిన గొట్టం మూతి కనిపించాయి. గొట్టానికి వంపు ముక్క కొత్తగా బిగించారు. మసి జాలీ అంతా పట్టి, లోపలి గోడ మీద నల్లటి నాలుకలా కిందికి దిగింది.

"గొట్టం వాళ్లది మేడమ్," కింద నుంచి అన్నాడు బాబాయ్. "చెయ్యి అటు పోతే విదేశంలో పెట్టినట్టే. ముందే చెబుతున్నాను, నాకు పాస్‌పోర్టు లేదు."

"చెయ్యి పెట్టను బాబాయ్. జాలీ మనది. జాలీకి అంటుకున్నదీ మనదే. పట్టకారు ఇవ్వండి."

గొట్టం అంచుకూ జాలీకీ మధ్య ఏదో నలిగి ఉంది. ఆమె మెల్లగా లాగింది. వేడికి కరిగి జాలీ కన్నాల్లోకి దిగిన రబ్బరు ముక్క. పైన మసి. గోటితో మసి గీరితే గులాబీ రంగు బయటపడింది. ఒక చివర ముడి, ముడికి కాలిపోయిన దారం కొస. ఆ రబ్బరు ఊడి వచ్చిన చోట జాలీ శుభ్రంగా మెరుస్తోంది.

"ఏంటమ్మా అది?" గుమ్మం బయటి నుంచి అడిగింది టీచరమ్మ.

"బుడగ. చిన్నపిల్లల బుడగ." ఆమె స్టూలు దిగి, ముక్కను ప్లాస్టిక్ కవర్లో వేసింది. "రబ్బరు కింద మసి లేదు. అంటే ముందు గోడకి బుడగలు కట్టారు. ఆ తర్వాత గొట్టం తెచ్చి దాని మీద ఆనించారు. ఆ తర్వాతే పొగ. గోడకి అవతల బుడగలు కట్టుకుని ఏం చేస్తున్నారు బాబాయ్, సంస్థవాళ్లు?"

"పసిపిల్లల ఆరోగ్యం" అన్నాడు బాబాయ్.

సంస్థ గేటుకూ ఈ గుమ్మానికీ మధ్య పట్టుమని ఇరవై అడుగులుండవు. ఆ ఇరవై అడుగుల్లోనే చట్టం ఆగిపోతుంది. పిలవనిదే పోలీసులు అడుగు పెట్టకూడదు.

గేటు దగ్గర సెక్యూరిటీ అధికారి ఎదురొచ్చాడు. డీఎస్పీగా రిటైరై ఇక్కడ చేరాడు. ఇన్‌స్పెక్టర్‌కు నేరస్తుణ్ణి ఎలా మాట్లాడించాలో నేర్పిన గురువు ఆయనే. పోలీసుల్లో ఉన్నన్నాళ్లూ పై అధికారుల మీద ఒక్క చినుకు పడనిచ్చేవాడు కాడు. అందుకని అందరూ గొడుగు అనేవాళ్లు. ఉద్యోగం మారినా పేరు మారలేదు.

"ఏం అమ్మాయ్, ఎండలో నిలబడ్డావు?"

"లోపలికి రమ్మంటే నీడలో నిలబడతాను సార్."

"అది కుదరదని నీకు తెలుసు."

"తెలుసు కాబట్టే ఎండలో ఉన్నాను. డైరెక్టర్ గారితో పొగ సంగతి మాట్లాడాలి."

"చూడు," అన్నాడు గొడుగు, చాలాసార్లు చెప్పి అలవాటైన గొంతుతో. "గొట్టం తిప్పమని ఆయన ఇచ్చిన ఆదేశం విధి నిర్వహణలో ఇచ్చింది. దానికి రక్షణ ఉంది. ఏ దేశంలో ఏ కోర్టూ దాని మీద ఆయన్ని అడగలేదు. ఆ రక్షణ ఎత్తెయ్యాలంటే మా సంస్థ అధినేత ఒక్కరే ఎత్తెయ్యాలి. నువ్వూ నేనూ కాదు."

ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు దగ్గరికి జరిగింది. బాబాయ్ తల పక్కకు తిప్పుకుని గేటు మీది నాలుగు భాషలూ చదవడం మొదలుపెట్టాడు.

"ఏ ఆదేశం సార్?"

"ఆఁ?"

"నేను పొగ అన్నాను. ఆదేశం అనలేదు. ఆపరేటర్ నిన్నటి నుంచి తప్పయిపోయింది అనే అంటున్నాడని స్టేషన్లో అందరికీ తెలుసు, మీకూ చేరే ఉంటుంది. ఎవరో తిప్పమన్నారని ఈ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ అనలేదు. మొదట అన్నది మీరే."

గొడుగు ఒకసారి వెనక్కి తిరిగి గేటు వంక చూశాడు. ఆయన అలవాటే అంత. ఈ సంస్థలో చేరినవాళ్లకు మొదటి రోజు నేర్పే పాఠం, ముందు రక్షణ ఉందని చెప్పెయ్, ఏం జరిగిందో తర్వాత చూసుకుందాం అని. గొడుగు తెరిచాక వాన పడుతోందో లేదో చూసుకోవడం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం మిగతావాళ్లకు పొరపాటు, వీళ్లకు ఉద్యోగం.

"నేర్పింది నాకే అప్పజెబుతున్నావా?" అన్నాడు చివరికి.

"నేర్పినవాళ్లకి కాక ఎవరికి చెబుతాను సార్. అది సరే, డైరెక్టర్ గారికి రక్షణ ఉంది. మరి గొట్టం తిప్పినవాడికి?"

"వాడా?" గొడుగుకు మాట మార్చే సందు దొరికింది. "వాడు గంటకూలీ. నియమం స్పష్టంగా ఉంది. ఇక్కడివాడై, గంటల లెక్కన పనిచేసేవాడికి రక్షణ వర్తించదు. వాడు మీ మనిషి. ఏం చేసుకుంటారో చేసుకోండి."

"ఒకే పని సార్. చెప్పినవాడికి గొడుగు, చేసినవాడికి వాన."

"నియమాలు నేను రాయలేదమ్మాయ్."

"చదువుతున్నారు కదా రోజూ. ఎలా అరుగుతున్నాయి?"

వాళ్లిద్దరి మధ్యకు గేటు పక్క చిన్న తలుపు తెరుచుకుని డైరెక్టరే వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఫోను. సెక్యూరిటీ కెమెరాలో చూసినట్టున్నాడు. "ఎందుకు రోడ్డు మీద గొడవ? విజిటర్ల గదిలో కూర్చుందాం. ఇది విచారణ కాదు, మర్యాద. పది నిమిషాలు."

"సార్, వద్దు" అన్నాడు గొడుగు.

"నాకేం భయం?" అన్నాడు డైరెక్టర్. అడుగుతున్నట్టు కాదు, సంతకం పెడుతున్నట్టు.

విజిటర్ల గదిలో గోడల నిండా నవ్వే పసిపిల్లల ఫొటోలు. ఇన్‌స్పెక్టర్ వాటికి వీపు పెట్టి కూర్చుంది. బాబాయ్ గేటు బయటే ఉండిపోయాడు, గొడుగు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మొన్న కరెంటు పోయిన వేళకి ఆ గోడ ఇవతల పచ్చిక మీద ఏం జరుగుతోంది సార్?"

"సమావేశం. వేరే దేశాల ప్రతినిధులు వచ్చారు. అధికారికం."

"పొగ వాళ్ల కళ్లలో పడిందా?"

"పడే ఉంటుంది. నాకు గుర్తు లేదు."

ఆమె కవరు తీసి బల్ల మీద పెట్టింది. "సమావేశానికి బుడగలు కట్టారా?"

డైరెక్టర్ ఆ గులాబీ ముక్కను చాలాసేపు చూశాడు. మొహంలో భయం లేదు, విసుగు ఉంది. పనిమనిషి ఊడ్వకుండా వదిలేసిన చెత్త కనిపించినప్పటి విసుగు.

"మా అమ్మాయి పుట్టినరోజు" అన్నాడు. "ప్రతినిధులూ వచ్చారు. అబద్ధం కాదు. వాళ్ల పిల్లలూ వచ్చారు. కేకు ముందు నిలబడి అందరూ దగ్గుతున్నారు. నేనేం చెయ్యాలి?"

"గొట్టం గోడకి తిప్పమన్నారు."

"సార్, మాట్లాడకండి" అన్నాడు గొడుగు.

"గోడవతల పిల్లలున్నారని మీకు తెలియదా?"

"ఇవతల కూడా పిల్లలే ఉన్నారు కదా" అన్నాడు డైరెక్టర్.

అన్నాక ఆయనకే అది ఎక్కువగా వినిపించినట్టుంది, ఫోను బోర్లించి పెట్టాడు. "వినండి. జరిగింది బాధాకరం. సంస్థ ఆ కుటుంబానికి సాయం చేస్తుంది. కానీ అది విధి అవునో కాదో తేల్చేది మీరు కాదు."

"కాదు. మీ అధినేత. ఆయనకి ఇవాళే మా పైవాళ్ల ద్వారా విన్నవించుకుంటాం. రక్షణ ఇచ్చింది మీ సొంతానికి కాదు, సంస్థ పనికి. కూతురి పుట్టినరోజు ఏ దేశంలోనూ సంస్థ పని కాదు. దానికి రక్షణ ఎత్తెయ్యడానికి ఆయన రెండోసారి ఆలోచించరు. ఎత్తెయ్యకపోతే పరువు పోయేది ఆ గేటు మీది నాలుగు భాషలది."

"ఏమని విన్నవిస్తారు? ఈ గదిలో నేనేమీ అనలేదు. మా సెక్యూరిటీ ఆయనా ఏమీ వినలేదు." డైరెక్టర్ గొడుగు వంక చూశాడు. గొడుగు నేల వంక చూశాడు. "మీ బుడగ పుట్టినరోజుకి సాక్ష్యం, ఆదేశానికి కాదు. అది విన్నవాడు ఒక్కడే. మీ లాకప్పులో ఉన్న గంటకూలీ."

"ఒక్కడు చాలు సార్" అంది ఇన్‌స్పెక్టర్.

ఆ మాట అనకపోయినా పోయేదేమీ లేదు. పొద్దున్నుంచీ మింగుతూ వచ్చిన చేదు ఆ మూడు మాటల్లో పైకి వచ్చేసింది. ఆపరేటర్ నోరు విప్పాడని అప్పటిదాకా ఈ గోడకు ఇవతల ఎవరికీ తెలియదు. అతనికి ఆమె ఇచ్చిన మాట కూడా అదే. డైరెక్టర్ తల ఊపి, గడియారం చూసుకుని, మర్యాదగా లేచి నిలబడ్డాడు.

కవరును పరీక్షలకు ఇచ్చి, విన్నపం సంగతి పైఅధికారి కార్యాలయంలో చెప్పి, ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కు తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. వరండాలో ఏడుపు లేదు. ఆపరేటర్ భార్య బిడ్డకు మొహం కడిగి పౌడరు రాస్తోంది. తనూ తల దువ్వుకుంది.

"వదిలేశారు మేడమ్" అంది నవ్వుతూ. నిన్నటి నుంచి ఆమెకు నవ్వు ఉందనే ఎవరికీ తెలియదు. "మా ఆయన్ని వదిలేశారు. మీరే చెప్పారంట కదా."

ఇన్‌స్పెక్టర్ లోపలికి నడిచింది. లాకప్పు తలుపు బార్లా తీసి ఉంది. ఎస్సై లేచి నిలబడ్డాడు.

"ఎవరు వదలమన్నారు?"

"కమిషనర్ గారి ఆఫీసు నుంచి ఫోన్ మేడమ్. అతను సంస్థ మనిషి, రక్షణ ఉంది, ఇంకో గంట ఉంచితే దేశాల మధ్య గొడవవుతుంది, వెంటనే సంస్థకి అప్పగించమన్నారు."

"గంటకూలీకి రక్షణ లేదు."

"నాకేం తెలుసు మేడమ్. పైన అంత పెద్దాయనకే తెలియనిది." ఎస్సై గొంతు తగ్గించాడు. "మీకు ఫోన్ చేశాను. కలవలేదు."

ఆమె మళ్లీ వరండాలోకి వచ్చింది. అధికారిలా కాకుండా తోటి ఆడదానిలా ఆ బెంచీ మీద కూర్చుంది.

"ఎవరొచ్చారు తీసుకెళ్లడానికి?"

"అయ్యగారే వచ్చారు మేడమ్, స్వయంగా. తెల్ల కారు. మా ఆయన వెనక ఎక్కబోతే, కాదు ముందు కూర్చో అని పక్కన కూర్చోబెట్టుకున్నారు." ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "ఎన్నాళ్లు చేశాడు అక్కడ, ఒక్కనాడు ఆ కారు తలుపు ముట్టుకోనివ్వలేదు."

"డ్రైవరు?"

"లేడు. అయ్యగారే నడిపారు. ఏవో మాటలు మాట్లాడుకోవాలి, తర్వాత ఇంటి దగ్గర దింపేస్తానన్నారు. నేను ఇంటికి పోయి అన్నం వండనా మేడమ్?"

"ఎంతసేపైంది?"

"ముప్పావు గంట అయ్యుంటుంది."

ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్ సెట్టు అందుకుంది. విమానాశ్రయం దారిలోని చెక్‌పోస్టు పలికింది. తెల్ల కారు, సంస్థ నంబరు అని చెప్పగానే అవతలి గొంతు తడబడింది. "ఆ నంబరు బండ్లని ఆపకూడదని ఉత్తర్వులున్నాయి మేడమ్. వాళ్లవాళ్లే ఎవరైనా ఆపమంటే ఆపుతాం. లేకపోతే మా ఉద్యోగాలు పోతాయి."

జీపు సంస్థ గేటు ముందు ఆగేసరికి ఆపరేటర్ భార్య కూడా వెనక సీట్లో ఉంది. బిడ్డను చంకన వేసుకుని ఎప్పుడెక్కిందో ఎవరూ చూడలేదు. గొడుగు గేటు బయటికి వచ్చాడు.

"వాడు లోపల ఉన్నాడా సార్?"

"ఎవరు?"

"ఆపరేటర్. మీ వాళ్లు రక్షణ ఉందని చెప్పి విడిపించి తెచ్చుకున్నారు."

"మేమా? గంటకూలీకి రక్షణేంటి?" అన్నాడు గొడుగు. ఆ తర్వాత ఆమె మొహం చూశాడు. పాతికేళ్ల పోలీసు బుర్ర ఆయనలో ఇంకా చావలేదు. ఆగి, నెమ్మదిగా అడిగాడు. "ఎవరొచ్చారు తీసుకెళ్లడానికి?"

"డైరెక్టర్ గారు. ఒక్కరే. ఆయనే నడుపుకుంటూ."

గొడుగు ఫోను తీసి నొక్కాడు. స్విచాఫ్. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ అదే.

"సార్," ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్ సెట్టు ఆయన ముందు పెట్టింది. "ఒక్క మాట చాలు. ఆ బండి ఇప్పుడు సంస్థ పని మీద లేదు, ఆపండి అని మీరు అంటే చెక్‌పోస్టువాళ్లు ఆపుతారు."

"ఆ మాట అనే అధికారం నాకు లేదమ్మాయ్. విదేశంలో ఉన్న పెద్దాఫీసుని అడగాలి. అక్కడ ఇంకా తెల్లారలేదు."

"తెల్లారే దాకా వాడుంటాడా?"

గొడుగు సెట్టును చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు మీట మీదికి వెళ్లింది. జీపులోంచి బిడ్డ ఏదో చప్పుడు చేస్తే అటు చూశాడు. తల్లి ఆయనకు నమస్కారం పెట్టింది. మొగుణ్ణి విడిపించిన సంస్థ పెద్దమనిషి కదా అని.

ఆయన బొటనవేలు మీట మీంచి తీసేశాడు. సెట్టు తిరిగి ఇచ్చాడు.

"నాకూ కుటుంబం ఉంది" అన్నాడు.

"తెలుసు సార్. అందరికీ ఉంటుంది. ఆయాకీ ఉందట." ఇన్‌స్పెక్టర్ మీట నొక్కింది. "చెక్‌పోస్ట్, ఆ తెల్ల కారు కనిపిస్తే ఆపండి. ఎవరు ఆపమన్నారంటే నా పేరు రాసుకోండి. ఉద్యోగం పోతే నాది పోతుంది."

బాబాయ్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతాడేమోనని చూసింది. ఆయన లాగలేదు. టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

సెట్టు కాసేపు గరగరలాడి ఊరుకుంది. గొడుగు గేటుకు ఆనుకుని నిలబడ్డాడు, లోపలికి పోలేదు. ఆపరేటర్ భార్య జీపు దిగి దగ్గరికి వచ్చింది. అప్పటికి ఏదో తేడాగా ఉందని ఆమెకూ తోచింది కానీ, ఏమని అడగాలో తెలియక బిడ్డ నెత్తి నిమురుతూ నిలబడింది.

"మేడమ్, బండి దొరికింది." చెక్‌పోస్టు గొంతు. ఆపరేటర్ భార్య ఒక్క ఊపిరి వదిలి నవ్వింది. "ఆపాం. అయ్యగారు చాలా కోపంగా ఉన్నారు. తనని అడిగే అధికారం ఎవరికీ లేదంటున్నారు. విమానం టైమైందంటున్నారు."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు మేడమ్. ఆయనొక్కరే."

"వెనక?"

"రెండు పెట్టెలు. మనిషి లేడు. దారిలో ఎవర్నీ ఎక్కించుకోలేదంటున్నారు." అవతలి గొంతు కొంచెం ఆగింది. "ముందు సీటు కింద మాత్రం ఒక జత రబ్బరు చెప్పులున్నాయి మేడమ్. బాగా అరిగిపోయినవి. ఎవరివని అడిగితే జవాబు చెప్పడం లేదు."

గొడుగు కళ్లు మూసుకున్నాడు.

"మా ఆయనవే మేడమ్" అంది ఆపరేటర్ భార్య, తప్పు కాయమన్నట్టు. "పెద్దవాళ్ల కారు పాడవుతుందని విప్పేసి ఉంటాడు."